ఇంకేమన్నా మింగుతాండావా

ఉరుకుందమ్మ పేరు నా ఖాతా పుస్తకంలో ఉండేది కాదు.
మూడేళ్లు ఆమె నాకు
"సగం తల" మాత్రమే.

జిన్నింగు మిల్లు సైరను కూశాక
జుట్టుకు, కనుబొమలకు పత్తి పీచు అంటుకుని
కుడి కణతను కొంగుతో అదిమిపట్టి వచ్చేది.
"అన్నా, సగం తలకు."
చూడకుండానే నా చేయి మూడో అరలోకి పోయేది.
చీటీ అడగలేదు. బిల్లు రాయలేదు.
మాత్రకు నాకు మిగిలేది రూపాయిన్నర.
ఆ రూపాయిన్నర సంగతి దాచిపెడితే
మిగతాదంతా రాయడం దండగ.

మే నెల. ఆదోని.
కొండరాళ్లు రాత్రి పదింటిదాకా సెగ కక్కుతున్న రోజులు.
చిల్లర ఇస్తుంటే ఆమె వేళ్లు నా అరచేతికి తగిలాయి.
ఉలిక్కిపడ్డాను.
సోడా అంగడి ఐసుపెట్టెలో కూడా
అంత చల్లనిది ఏదీ లేదు ఆ పూట.

"ఏమైందమ్మా చేతులకు?"
"చేతులు సరే, కాళ్లు సూడు" అని చెప్పు విడిచింది.
చిటికెనవేలు నేరేడుపండు చిదిమినట్టుంది.
"మూన్నాళ్లనుంచి తిమ్మిరి, చీమలు పారినట్టు.
మిల్లులో నిలబడీ నిలబడీ అయింటాది."

"ఇంకేమన్నా మింగుతాండావా?"

వెనక దగ్గుమందు కోసం ఒకాయన నిలబడున్నాడు.
ఆమె ఆయన్ను చూసింది.
గాజుసీసాలో బిళ్లలను చూసింది.
"ఏమిల్యా" అంది.

అంత చిన్న మాట పలకడానికి
అంతసేపు పట్టడం
ఇరవై రెండేళ్ల అంగడిలో అదే మొదలు.

దగ్గాయన్ను పంపించి షట్టరు సగం దించాను.
ఫ్యాను తిరుగుతా ఉంది.
చానాసేపటికి నడుముకు దోపిన వక్కాకు సంచి తీసింది.
ఒక అరలో ఆకులు, ఒక అరలో సున్నం డబ్బీ.
లోపలి అరలో, మీది కాగితం గోటితో గీకేసిన తెల్లసీసా.

"కర్నూలు పెద్దాసుపత్రిలో ఇస్తారు.
ఈడయితే ఎవురన్నా సూస్తారని ఆడికి పోతా.
పాతవి పనిజేయడంల్యా అని పోయిన వారం మార్చిరి.
నా కూతురికి గూడా తెల్దన్నా."

గీకిన కాగితం మీద మిగిలిన నాలుగక్షరాలు చదివాను.
నా మూడో అర వైపు చూశాను.

ఎట్లా చెప్పాలి.
మార్కెట్ యార్డు తెలుసు కదమ్మా,
పొద్దున పత్తి బండ్లు లోపలికొస్తాయి,
కాటా ఆయన తూచి వదిలితే సాయంత్రానికి బయటపడతాయి.
నీ కాలేయంలో అట్లాంటి ఆయనొకడున్నాడు.
నా మాత్రను మూడేళ్లు ఆయనే తూచి పంపించాడు.
ఈ కొత్తది వచ్చి ఆయన చేయి పట్టుకుంది.
మంచికే పట్టుకుంది,
తన జత మాత్ర ఒంట్లో ఎక్కువసేపు నిలవాలని.
నా బండి లోపలే ఆగిపోయింది.
దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి.
అది నరాలను బిగించే మందు తల్లీ,
కణత దగ్గర బిగించమని అమ్మితే
కాలివేలి దాకా పోయి బిగించింది.

"అయితే ఏది పారేయల్ల?"
"నాది. ఆసుపత్రిది ఒక్క పూట కూడా మానొద్దు."
"రెండూ మంచియే గదన్నా."

మంచివే.

కలందర్ ఆటోను పిలిచి
రెండు మాత్రల పేర్లూ చీటీ మీద పక్కపక్కన రాసిచ్చాను.
ఒకే కాగితం మీద ఆ పేర్లు కలవడం అప్పుడే.
నెత్తుట్లో మాత్రం
వారం కిందటే కలిశాయి, ఎవరూ పరిచయం చేయకుండానే.

శ్రావణంలో మళ్లీ వచ్చింది.
ఎడమ చిటికెనవేలికి కొస లేదు.
కణతకు తడిగుడ్డ.
"నొప్పి యాడికి పోతాదన్నా, అది దాని పని అది జేసుకుంటాది."
కర్నూలు డాక్టరు రాసిన కాగితం గల్లాపెట్టె మీద పెట్టింది.
వేరే మాత్ర, తక్కువ ధర.

బిల్లు పుస్తకం తెరిచి
"పేరు?" అన్నాను.
వెనక ఎవరో నిలబడున్నారు.
ముందుకు వంగి
నాకొక్కడికే వినపడేట్టు చెప్పింది.